తలుపు లేని ఇంటికి నోటీసు

మోతీనగర్‌లో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే అమ్మాయికి ఈ మధ్య డిప్యూటీ తహసీల్దారు ఉద్యోగం వచ్చింది. మిఠాయి డబ్బా పట్టుకొచ్చి, మీరు రెవెన్యూలో ముప్పై ఏళ్లు చేశారు కదా, చేరేముందు ఏం చదువుకోమంటారు అని అడిగింది. నాలుగు చట్టాల పేర్లు చెప్పి పంపించేశాను. ఆ తర్వాత ఎంతసేపటికీ మనసు కుదుటపడలేదు. ఆ నాలుగు చట్టాలూ నేనూ చదివినవే. చదివి, పరీక్షలు పాసై, జేబులో పెన్ను పెట్టుకుని వెళ్లి, నలభై రెండు కుటుంబాల మీదికి బుల్డోజరు తెచ్చినవాణ్ని. ఆ సంగతి దాచి ఆ అమ్మాయి మిఠాయి తినడం నాకు నచ్చలేదు. అందుకని ఇది రాస్తున్నాను.

నేను ఎప్పుడు ఏ మెట్టెక్కానో, ఏ ఊరికి బదిలీ అయ్యానో ఎవరికీ అక్కర్లేదు. ఆఫీసు పేరూ చెప్పను. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, షేక్‌పేట వైపు సర్కారు భూములు చూసుకునే ఆఫీసు అనుకోండి, చాలు.

మోయిన్ సాబ్ చింపేసిన కాగితం

ఎనభైల మొదట్లో నేను కొత్త గుమాస్తాని. మా తహసీల్దారు మోయిన్ సాబ్. పాన్ నములుతూ ఫైలు చదివేవాడు. ఒక్క అక్షరం వదిలేవాడు కాదు. ఆయన దగ్గర పని చేయడం అంటే రోజూ చీవాట్లు తినడమే.

సర్కారు స్థలంలో ఎవరైనా ఇల్లు వేసుకుంటే ఖాళీ చేయించడానికి ఒక పద్ధతి ఉంది. ముందు భూ ఆక్రమణల చట్టం ఏడో సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి. నిన్నెందుకు ఖాళీ చేయించకూడదో చెప్పుకో అని ఆ నోటీసు అడుగుతుంది. అతను చెప్పుకున్నది విని, ఆ తర్వాతే ఉత్తర్వు రాయాలి. టోలిచౌకిలో ఒకాయన సర్కారు స్థలంలో ప్రహరీ కట్టాడని ఫిర్యాదు వచ్చింది. కట్టాడని అందరికీ తెలుసు. నేను మహా చురుకైనవాణ్ని కదా, విచారణ తేదీకి ముందే ఖాళీ చేయించే ఉత్తర్వు టైపు చేయించి, సంతకానికి సిద్ధంగా పెట్టాను. మోయిన్ సాబ్ దాన్ని రెండు ముక్కలు చేసి నా చేతిలో పెట్టాడు.

"వాడు తప్పే చేసిండనుకో. గని వాని మాట ఇన్నంకనే రాయాలె. నువ్వు ముంగటనే రాసి పెట్టుకుంటే, వాడు గీడికొచ్చి ఎవనితోని మాట్లాడాలె? గోడతోనా?"

ఆ తేదీన ప్రహరీ కట్టినాయన వచ్చాడు. వస్తూ వస్తూ తన తాత కాలం నాటి కాగితం ఒకటి తెచ్చాడు. సర్వే మళ్లీ చేయిస్తే ప్రహరీ లోపలి స్థలంలో సగం ఆయనదే అని తేలింది. మోయిన్ సాబ్ నావైపు చూడను కూడా లేదు. చూసి తిట్టి ఉంటే బాగుండేది.

పాఠం నేర్చుకున్నాననే అనుకున్నాను. పదేళ్లు తిరిగేసరికి, నా ఎదురుగా మోయిన్ సాబ్ లేకపోయేసరికి, అంతా మరిచిపోయాను. ఉద్యోగంలో పెద్ద జబ్బు లంచం ఒక్కటే అనుకోకండి. నేను ఎవరి దగ్గరా ఒక్క పైసా తీసుకోలేదు. నాకు పట్టిన జబ్బు అలవాటు. ఇది లంచంలా బయటికి కనబడదు, పైగా మంచి పేరు కూడా తెచ్చిపెడుతుంది.

మధ్యాహ్నం ఎండలో ఒక వీధి

తొంభైల మొదట్లో నేను రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ని. సినిమావాళ్లు మద్రాసు నుంచి తరలివస్తున్న రోజులు. ఫిల్మ్‌నగర్ వెనక రాళ్లగుట్ట మీద నలభై రెండు గుడిసెలు లేచాయి. సెట్లు వేసే వడ్రంగులు, లైటు మనుషులు, గుంపు సీన్లలో నిలబడేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు ఉండేవారు. ఆ గుట్ట సర్కారుదే, అందులో వాదం లేదు. దాన్ని తొందరగా ఖాళీ చేయించమని పైనుంచి మాట వచ్చింది. ఎవరి కోసమో నాకు తెలియదు. నేను అడగనూ లేదు.

ఎమ్మార్వో గారు నలభై రెండు నోటీసులు నా చేతికిచ్చి, ఈ పూటే అయిపోవాలి అన్నారు. మే నెల. మా గ్రామ సేవకుడు యాదయ్యని స్కూటరు వెనక ఎక్కించుకున్నాను. యాభై దాటిన మనిషి, ఒళ్లో మైదాపిండి జిగురు డబ్బా. గుట్ట మలుపులో స్కూటరు ఆపాను. ఎదురుగా వరసగా ఇళ్లు కనిపించాయి. తలుపులకి నంబర్లు వేసి ఉన్నాయి, దండెం మీద చీరలు ఆరేసి ఉన్నాయి, తులసికోట కూడా ఉంది. ఒక్క మనిషి లేడు. అందరూ పనికి పోయారనుకున్నాను.

యాదయ్య దిగి, "సార్, గివేనా?" అని అడిగాడు.

నేను స్కూటరు దిగలేదు. గవే, కానియ్ అన్నాను. ఏ తలుపుకి ఎవరి నోటీసో చూడొద్దు, ఎవరిది వాళ్లే వెతుక్కుంటారు అని కూడా చెప్పాను. తలుపులు చాలకపోతే కొన్నిటికి రెండేసి అంటించాడు. నేను అట్నుంచి అటే కింది రోడ్డు మీది టీ కొట్టుకి పోయి, పందిరి కింద కూర్చుని పంచనామా రాశాను. ఇంటివారు లేనందున, పంచుల సమక్షంలో, ఒక్కొక్క ఇంటి తలుపునకు నోటీసు అతికించడమైనది అని. పంచులు అంటే సాక్షులు. మాకు ఆఫీసు ఎదుటి హోటల్లో ఎప్పుడూ ఇద్దరు ఉండేవారు. వాళ్లు గుట్ట ముఖం చూడలేదు. ఏ పంచనామాకైనా వాళ్లవే సంతకాలు. నేను రాసిన పంచనామా చాలా చక్కగా ఉందని ఎమ్మార్వో గారు మెచ్చుకున్నారు.

గడువు లోపల ఒక్కరూ జవాబు ఇవ్వలేదు. ఖాళీ చేయించే ఉత్తర్వు అయింది.

సత్యవతమ్మ అడిగిన మాట

షూటింగు లేని ఒకరోజు ఉదయం ఎనిమిదింటికి బుల్డోజరు, రెండు వ్యాన్ల పోలీసులు, మేము వెళ్లాం. మలుపు దగ్గర నేను చూసిన ఇళ్ల వరస కనబడలేదు. సందేహం వచ్చింది గానీ, ఆగి చూసే తీరిక లేదు. రాళ్ల అవతల అసలు బస్తీ ఉంది. బుల్డోజరు మొదటి గుడిసె తోసేసింది, రెండోది తోసేసింది.

మూడో గుడిసె సత్యవతమ్మది. తెనాలి వైపు మనిషి. భర్త మద్రాసులో పోతే, కుట్టుమిషను, ఇద్దరు ఆడపిల్లలు వెంటరాగా సినిమాలతోపాటు ఇక్కడికి వచ్చింది. షూటింగుల్లో ఆడవాళ్ల బట్టలు చూసుకునేది. ఆమె అరవలేదు, ఏడవలేదు. నా చేతిలో ఫైలు చూసి, నేనే ముఖ్యుణ్ననుకుని నా దగ్గరికి వచ్చింది.

"ముందుగా ఒక మాట చెప్పొద్దా అండీ?" అంది.

చెప్పాం, నోటీసు నీ తలుపుకే అంటించాం అన్నాను.

"నా ఇంటికి తలుపెక్కడుందండీ? గోనెపట్టా కట్టుకున్నాం."

తల తిప్పి చూశాను. నిజమే. ఆ ఇంటికి గోనెపట్టా. పక్కదానికి పాత చీర. ఆ పక్కదానికి సినిమా పోస్టరు అట్ట. ఆ గుట్ట మీద నలభై రెండు గుడిసెల్లో ఒక్కదానికీ తలుపు లేదు. నా ఫైల్లో నలభై రెండు తలుపులున్నాయి.

ఎమ్మార్వో గారి దగ్గరికి పోయి మెల్లగా చెప్పాను, ఎక్కడో పొరపాటు జరిగింది, వీళ్లకి నోటీసు అందలేదేమో అని. ఆయన గొంతు తగ్గించి, ఇంతదూరం వచ్చాక ఆపితే రేపు మన కుర్చీలుండవు, కానివ్వండి అన్నారు. నేను ఇంకొక్క మాట అనలేదు. వెనక్కి వచ్చి నిలబడ్డాను. సత్యవతమ్మ మిషను బయటికి లాక్కుంది, పిల్లలు వంటగిన్నెలు మోశారు, మూడో గుడిసె పడిపోయింది. మొదటి రెండూ తెలియక కూల్చాను. ఇది తెలిసి కూల్చాను. ఇన్నేళ్లయినా ఈ రెంటినీ కలిపి తెలియక చేశాను అని చెప్పుకోలేకపోతున్నాను.

పదకొండు గుడిసెలు పోయాయి. పన్నెండోదాని ముందు ఆడవాళ్లు అడ్డంగా కూర్చున్నారు. పోలీసు అధికారి ఇంక నావల్ల కాదని తన పోలీసుల్ని తీసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు బస్తీవాళ్లు ఒక కుర్ర వకీలు సాయంతో కోర్టు నుంచి స్టే తెచ్చుకున్నారు.

హీరోయిన్ వెనకాల నా నోటీసు

స్టే వచ్చిన రోజే యాదయ్యని తీసుకుని గుట్ట మలుపుకి పోయాను. ఎక్కడ అంటించావో చూపించమన్నాను. అక్కడ బండరాయి, కర్రలు పాతిన గుంతలు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పెచ్చులు తప్ప ఏమీ లేవు.

"గీడనే సార్, లైనుగ ఇండ్లుండె. ఎన్కల ఏం లేదని అప్పుడే సూసిన. ముంగట గోడొక్కటే, ఎన్కల కట్టెలు గుంజలు. మీరు గవే అన్నరని అంటించిన."

అది సినిమా సెట్టు. బస్తీ వీధి కావాలని వేసిన సెట్టు. అసలు బస్తీ కన్నా బస్తీలాగా కట్టారు. చూసినవాడికి చెప్పే ధైర్యం లేదు. చెప్పగలిగినవాణ్ని నేను స్కూటరే దిగలేదు. యాదయ్యని అప్పుడే ఎందుకు చెప్పలేదని గట్టిగా అడిగాను. అడుగుతుండగానే సిగ్గేసింది. నేను ఎమ్మార్వో గారికి రెండోసారి చెప్పానా?

సత్యవతమ్మ గుడిసె కూలిన చోటే తాటాకులు కప్పుకుని మిషను తొక్కుతోంది. ఆ సెట్టు మీద ఆమే పని చేసిందట. సంగతి చెబితే రేకు పెట్టె తెరిచి ఒక లావుపాటి పుస్తకం తీసింది. ఒకే సీను నాలుగైదు రోజులు తీస్తారు కదా, మొదటిరోజు ఉన్న గాజులు, పమిట కుచ్చిళ్లు ఆఖరిరోజూ అలాగే ఉండాలి. అందుకని రోజూ ఫొటోలు తీసి ఆ పుస్తకంలో అంటించి పెట్టుకుంటారు. ఒక ఫొటోలో హీరోయిన్ నీలం తలుపు ముందు నిలబడి ఉంది. ఆమె భుజం పక్కన, తలుపు మీద, మా ఆఫీసు గుండ్రటి ముద్ర.

సెట్టు వేసినవాళ్లు డైరెక్టరు మనుషులు అంటించారనుకున్నారట. డైరెక్టరు మనుషులు సెట్టువాళ్ల పనితనం అనుకున్నారట. అక్కడ పని చేసిన బస్తీవాళ్లు సరే, సెట్టు మీది కాగితం ఎవరు చదువుతారు?

సత్యవతమ్మ ఫొటోని కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. "ఇది నా పేరేనండీ. నా పేరు ముందు నిలబెట్టి ఆ పిల్లకి పమిట సర్దాను."

ఆ పుస్తకం మీ వకీలుకి ఇవ్వమని చెప్పాను. మీకు ఇబ్బంది కదా అని అడిగింది. ఇల్లు పోయిన మనిషి నా ఇబ్బంది అడిగింది. ఇవ్వు, నేనూ చెబుతాను అన్నాను. ఆ మాట నోటి నుంచి వచ్చాక ఇంక వెనక్కి తిరగలేదు.

ప్రభుత్వం అబద్ధమాడొద్దు

కోర్టుకి మేము అఫిడవిట్ వేయాలి. నలభై రెండు తలుపులకూ నోటీసులు సక్రమంగా అతికించామని టైపు చేసి ఎమ్మార్వో గారు నా ముందు పెట్టారు. నేను జరిగినదంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. నాకు టైఫాయిడ్ వస్తే ఇంటికి పళ్లు పంపినవాడు. రెండేళ్లలో రిటైరవుతారు, భయం.

"ఏవండీ, ఆ భూమి ప్రభుత్వానిదా కాదా? ప్రభుత్వానిదే. ఎటూ ఖాళీ చేయాల్సినవాళ్లకి నోటీసు తలుపుకి అంటిస్తే ఏంటి, చెట్టుకి అంటిస్తే ఏంటి?"

"భూమి ప్రభుత్వానిదే సార్. ప్రభుత్వం అబద్ధమాడొద్దు గదా."

ఆయన ఆ కాగితం వెనక్కి లాక్కున్నారు. అయితే మీ తప్పు మీరే రాసుకోండి, నా మాట ఎత్తకండి అన్నారు. రాసుకున్నాను. స్కూటరు దిగలేదని, పంచులు అక్కడ లేరని, యాదయ్య నేను చెప్పినట్టే చేశాడని రాశాను. బుల్డోజరు ఆపమని ఒక్కసారే అడిగానని కూడా రాశాను. ప్రభుత్వ వకీలు అది చదివి, ఇలాంటిది ఇన్నేళ్లలో నా చేతికి రాలేదు అని మాత్రం అని, మార్చకుండా దాఖలు చేశారు.

జడ్జి గారు నన్ను పిలిపించారు. ఫొటో చేతిలో పెట్టుకుని, ఇంగ్లీషు వదిలేసి తెలుగులో అడిగారు, ఈ తలుపు వెనక ఎవరున్నారు అని.

"ఎవరూ లేరండీ. వెనక ఇల్లే లేదు."

కోర్టులో కొందరు నవ్వారు. జడ్జి గారు నవ్వలేదు. భూమి మీద హక్కు లేనివాడికి కూడా, వాణ్ని లేపేముందు వాడి మాట వినిపించుకునే హక్కు ఉందని ఆయన తీర్పులో చెప్పారు. ఉత్తర్వు కొట్టేశారు. కూల్చిన పదకొండు గుడిసెలు మా ఖర్చుతో అక్కడే మళ్లీ వేసివ్వాలి, మళ్లీ నోటీసులివ్వాలి, ఒక్కొక్కరి మాటా వినాలి అన్నారు.

నాకు అందిన నోటీసు

తర్వాత నా మీద చర్య మొదలైంది. మొదలవ్వాల్సిందే. నా మీది ఆరోపణలు రాసిన ఛార్జి మెమో తెచ్చిన అటెండరు మా ఇంటి గుమ్మంలో నిలబడి, నా చేతికే ఇచ్చి, సంతకం తీసుకుని, తేదీ వేయించుకుని పోయాడు. జవాబు చెప్పుకోవడానికి గడువిచ్చారు. విచారణ అధికారి రెండు రోజులు కూర్చుని నా మాట విన్నాడు. సర్కారు ఉద్యోగిని అతని మాట వినకుండా తీసేయకూడదని రాజ్యాంగంలోనే రాసి ఉంది. దానికి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నాను. నా జీతంలో రెండు ఇంక్రిమెంట్లు ఆపడానికి ఇంత మర్యాద చేశారు. పదకొండు కుటుంబాల పైకప్పు తీసే నోటీసిచ్చేటప్పుడు నేను స్కూటరు స్టాండు కూడా వేయలేదు.

కొత్తగా చేరేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించిన హక్కు, చట్టం ముందు సమానత్వం, ఇవన్నీ మీరు పుస్తకంలో చదివే ఉంటారు. ఆ పుస్తకం ఢిల్లీలో ఉండదు. గుట్ట మీద ఉన్నవాడికి ప్రభుత్వం అంటే స్కూటరు మీద వచ్చిన మీరే. మీరు దిగితే అతనికి హక్కు ఉన్నట్టు, దిగకపోతే లేనట్టు. చూడనిది చూశానని రాయకండి. పక్కనున్న చిన్న ఉద్యోగి "గివేనా సార్" అని అడిగితే, ఆ మాటలో సందేహం ఉంటుంది, వినండి. పైవాడికి ఒక్కసారి చెప్పి ఊరుకోకండి. నోటితో చెబితే వినకపోతే కాగితం మీద పెట్టండి. కాగితం చూస్తే పైవాడు కూడా జాగ్రత్త పడతాడు.

కోర్టు చెప్పిన విచారణలో నలభై రెండు మందీ మాట్లాడారు. నాలుగు రోజులు పట్టింది. ఎక్కువమందికి అదే గుట్టకి దిగువన ఇళ్ల స్థలాలు దొరికాయి, సత్యవతమ్మకి కూడా. వేరేచోట ఇళ్లున్నాయని తేలిన ఆరుగురు ఖాళీ చేశారు. సర్కారు భూమీ సర్కారుకి వచ్చింది. మాట వింటే ఏ కొంపా మునగలేదు.

ఆ విచారణకి నోటీసులు నేనే ఇస్తానని అడిగి తీసుకున్నాను. బదిలీ ఉత్తర్వు అప్పటికే వచ్చింది, చేతిలో మూడు రోజులే ఉన్నాయి. షూటింగు వ్యాన్లు ఆరింటికే వచ్చి జనాన్ని ఎక్కించుకుపోతాయి కాబట్టి, తెల్లవారుతుండగా యాదయ్యతో వెళ్లాను. స్కూటరు మలుపులోనే వదిలి నడిచాం. ఈసారి జిగురు డబ్బా తేలేదు.

మళ్లీ వేసిచ్చిన గుడిసెల్లో సత్యవతమ్మది మాత్రం దూరం నుంచే తెలిసిపోయింది. గోనెపట్టా లేదు. ఎవరో వడ్రంగి చేత చెక్కతలుపు పెట్టించుకుంది. సెట్టు విప్పేశాక మిగిలిన తలుపు. నీలం రంగు. నేను అంటించమన్న కాగితం చినిగిన చోట తెల్లటి మచ్చ ఇంకా ఉంది. బయట కుండలో నీళ్లు నింపుతున్న సత్యవతమ్మ నన్ను చూసి లేచి నిలబడింది.

"మీ కోసమే పెట్టించానండీ. ఈసారి అంటించుకోవడానికి ఇబ్బంది పడకుండా."

వెక్కిరించిందో, నిజంగానే అందో ఆమె ముఖంలో తెలియలేదు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఈసారి అంటించడానికి రాలేదమ్మా అన్నాను. అయితే ఉండండి, చెయ్యి తుడుచుకుని వస్తాను అని లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

నోటీసు చేతిలో పట్టుకుని తలుపు తట్టాను. ఆమె తీసేదాకా అక్కడే నిలబడ్డాను.